తొలి బిడ్డ పుట్టాక కొలువు మానాలా? ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన మాట

మన ఇళ్లలో తొలి కాన్పు చాలావరకు పుట్టింట్లోనే జరుగుతుంది. ఏడో రోజున అఖీఖా చేస్తాం. నలభై రోజులు నిండాక చిల్లా స్నానం. ఆ తరువాత అమ్మాయి పసిబిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి చేరుతుంది. ఇంతవరకు అంతా సంతోషమే. బాలింత ఉద్యోగస్తురాలైతే మాత్రం ఆ సంతోషం వెంటే ఒక ప్రశ్న కూడా ఇంట్లోకి వస్తుంది. సెలవు అయిపోతోంది. తిరిగి కొలువులో చేరాలా, రాజీనామా ఇవ్వాలా?

"పసిబిడ్డను వదిలి ఉద్యోగమేమిటమ్మా, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అంటారు కొందరు పెద్దలు. "ఇంటి అప్పు నెలనెలా కట్టాలి కదా, బిడ్డను మేం చూసుకుంటాంలే, నువ్వు వెళ్లిరా" అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ ప్రేమతో అన్నవే కావచ్చు. కాని రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. అడగవలసిన మనిషిని అడగకుండానే తీర్పు చెప్పేశారు.

ఒకప్పుడు మన కుటుంబాల్లో ఈ ప్రశ్న అరుదుగా వచ్చేది. నేడు గుంటూరు, కడప, కర్నూలు, హైదరాబాదు ఎక్కడ చూసినా మన ఆడపిల్లలు బి.ఎడ్. చదివి బడుల్లో పాఠాలు చెబుతున్నారు. ఆసుపత్రుల్లో నర్సులుగా, బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. అందువల్ల ఈ సమస్యను ఇక ఏ ఒక్క ఇంటిదో అనుకోవడానికి వీల్లేదు.

ఉద్యోగం మానడం తప్పని గాని, మానకపోవడం తప్పని గాని చెప్పడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఏ ఇంటి పరిస్థితి ఆ ఇంటిది. మా మనవి ఒక్కటే. ఈ నిర్ణయాన్ని భార్యాభర్తలిద్దరూ సంప్రదించుకుని, లెక్క చూసుకుని, తొందరపడకుండా తీసుకోవాలి. దాని భారమంతా బాలింత ఒక్కదాని మీదే పడకూడదు.

సంప్రదింపులకు ఖుర్ఆన్ ఇచ్చిన స్థానం

పాలిచ్చే తల్లి గురించి దివ్యఖుర్ఆన్ 'అల్ బఖరా' సూరా 233వ ఆయత్‌లో వివరంగా చెప్పబడింది. పూర్తికాలం పాలివ్వదలచిన తల్లులకు రెండేళ్ల గడువు అందులో ఉంది. ఆ కాలంలో తల్లి తిండి, బట్ట చూసే బాధ్యత తండ్రిదని ఉంది. ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం మోపరాదనీ, బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని కష్టపెట్టరాదనీ ఉంది. రెండేళ్లకు ముందే పాలు మాన్పించదలిస్తే ఇద్దరి అంగీకారంతో, సంప్రదింపులతో మాన్పించవచ్చని కూడా అదే ఆయత్ చెబుతోంది. వేరొకరి చేత పాలిప్పించుకునే అవకాశాన్నీ ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ ఆయత్ విడాకుల నియమాలను వివరించే ఆయత్‌ల వరుసలో వస్తుంది. అంటే విడిపోయిన దంపతులు సైతం బిడ్డ విషయంలో కూర్చుని మాట్లాడుకోవాలని బోధిస్తోంది. విడిపోయినవారికే ఇంత చెప్పినప్పుడు, ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నవారు మష్వరా లేకుండా నిర్ణయం తీసుకోవడం ఎంతవరకు సబబు? భర్త ఒక్కడే "మానెయ్" అనడం గాని, భార్య ఒక్కతే మనసులో కుమిలి రాజీనామా రాసి ఇవ్వడం గాని ఈ స్ఫూర్తికి తగినవి కావు.

ఆమె సంపాదన ఆమెదే

'అన్ నిసా' సూరా 32వ ఆయత్ పురుషులు సంపాదించినదానిలో వారికి వాటా ఉన్నట్టే స్త్రీలు సంపాదించినదానిలో వారికీ వాటా ఉందని చెబుతోంది. భార్యా బిడ్డల పోషణ భారం భర్త మీద ఉంది. భార్య తన జీతంలోంచి ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె చేసిన మేలు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) తన సొమ్మును భర్త మీద, తన పోషణలోని అనాథల మీద ఖర్చు పెట్టేవారు. అది దానం కింద లెక్కకు వస్తుందా అని దైవప్రవక్త (సఅసం) వారిని అడిగించినప్పుడు, ఆమెకు రెండు పుణ్యాలు లభిస్తాయని ఆయన తెలిపారు. ఒకటి బంధుత్వాన్ని నిలిపినందుకు, రెండవది దానం చేసినందుకు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. భార్య జీతాన్ని ఇంటి హక్కుగా భావించేవారు దీని మీద ఆలోచించాలి.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంట్లో భర్త జీతం నెలకు 30,000 రూపాయలు, ప్రైవేటు బడిలో టీచరైన భార్య జీతం 22,000 రూపాయలు అనుకుందాం. బిడ్డను చూసుకునే ఆయాకు 8,000, ఆటోకు 2,500, ఇతర ఖర్చులకు 1,500 అవుతాయనుకుందాం. చాలా ఇళ్లలో ఈ 12,000 రూపాయలనూ భార్య జీతంలోంచే తీసేస్తారు. "మిగిలేది పది వేలేగా, ఈ పది వేల కోసం ఇంత యాతన ఎందుకు?" అంటారు. అక్కడితో నిర్ణయం అయిపోతుంది.

ఈ లెక్కలో ఒక పొరపాటు ఉంది. బిడ్డ పోషణ తండ్రి బాధ్యత అయినప్పుడు ఆయా జీతాన్ని తల్లి జీతంలోంచి మాత్రమే తీసేయడం ఏ న్యాయం? ఆ ఖర్చు ఇంటి మొత్తం ఆదాయమైన 52,000 రూపాయల లోంచి పోవలసిన ఖర్చు. పైగా ఆయా అవసరం బిడ్డ బడికి వెళ్లేదాకానే. సర్వీసు, ఇంక్రిమెంట్లు, ప్రావిడెంట్ ఫండ్‌లో యజమాని వేసే వాటా ఆ తరువాత కూడా పెరుగుతూనే ఉంటాయి.

రెండో వైపు కూడా చూడాలి. రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చి, తెల్లవారి వంట చేసి, రెండు బస్సులు మారి వెళ్లి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడే తల్లి ఆరోగ్యానికి ఏ కాగితం మీదా లెక్క కట్టరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, తరచు జబ్బు పడే బిడ్డకు తల్లి దగ్గరుండడం ఎంతో అవసరం కావచ్చు. చూసుకునే నమ్మకమైన మనిషి దొరకకపోవచ్చు. అలాంటప్పుడు ఉద్యోగం మానడమే మేలని ఇద్దరికీ తోస్తే అందులో చిన్నతనమేమీ లేదు.

రాజీనామాకు ముందు తెలుసుకోవలసినవి

కొందరు సోదరీమణులు చట్టం తమకు ఇచ్చిన సమయమెంతో తెలియకనే రాజీనామా ఇచ్చేస్తున్నారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద మొదట 12 వారాల సెలవు ఉండేది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు అది 26 వారాలైంది. జీతంతో కూడిన ఈ సెలవులో 8 వారాలకు మించకుండా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. ఈ నియమాలు ఇప్పుడు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో భాగమయ్యాయి.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూడవచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు, మామూలు విరామంతోపాటు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. పని స్వభావాన్ని బట్టి, సెలవు ముగిశాక కొంతకాలం ఇంటి నుంచి పనిచేసేలా యాజమాన్యంతో ఒప్పందం చేసుకోవచ్చు. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని ఆ కారణంగా ఉద్యోగంలోంచి తీసివేయడం చట్టవిరుద్ధం. "సెలవు ఇవ్వలేం, రాజీనామా రాసి ఇవ్వండి, తరువాత చూద్దాం" అని ఎవరైనా అంటే సంతకం పెట్టేముందు కార్మిక శాఖ కార్యాలయంలో గాని, తెలిసిన వకీలు దగ్గర గాని విచారించాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల ప్రసూతి సెలవుతోపాటు, మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగినులకూ శిశు సంరక్షణ సెలవు ఉంది. రోజుల సంఖ్య మాత్రం రెండు రాష్ట్రాల్లో వేరువేరు. తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

సర్వీసు ఎన్నేళ్లయిందో కూడా చూసుకోవాలి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. ప్రావిడెంట్ ఫండ్ పింఛనుకు పదేళ్లు కావాలి. నాలుగేళ్ల తొమ్మిది నెలలకు రాజీనామా ఇచ్చే బదులు మరికొన్ని నెలలు ఎలాగైనా నెట్టుకురాగలమా అని ఒకసారి ఆలోచించడం మంచిది.

మొదటి నెలల్లో తుది మాట వద్దు

కాన్పయిన కొత్తలో నిద్ర ఉండదు. కారణం లేకుండా ఏడుపు వస్తుంది. "నేను మంచి తల్లిని కాలేను" అనిపిస్తుంది. ఈ దిగులు చాలామందిలో రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. దీన్ని ఈమాన్ లోపమనో, దిష్టి అనో కొట్టిపారేయకూడదు. అలాంటి మనఃస్థితిలో రాసిన రాజీనామా ఆమె అసలు అభిప్రాయం కాకపోవచ్చు. కాబట్టి సెలవు చివరి వారాల దాకా ఆగండి. ఉన్న సెలవులన్నీ వాడుకోండి. జీతం లేని సెలవు దొరుకుతుందేమో అడగండి. వీలైతే ఒకటి రెండు నెలలు వెళ్లి చూసి, ఆ తరువాత తేల్చుకోండి.

బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, ఆ తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, అంతకు మించి కూడా పాలివ్వవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉద్యోగంలో చేరితే పాలు మాన్పించవలసిందేనని అనుకోనవసరం లేదు. శుభ్రమైన గిన్నెలో పాలు పిండి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, బిడ్డకు చెంచాతో పట్టవచ్చు. మన వేసవిలో ఆ పాలను బయట ఉంచరాదు.

ఇంటి మగవారికి ఒక మాట

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్లేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత కలతపడుతుందోనని ఆయన నమాజును క్లుప్తంగా ముగించేవారు. ఒక తల్లి కోసం, ఒక బిడ్డ కోసం జమాఅత్ మొత్తం సర్దుకుందన్నమాట. మరి ఇంట్లో నలుగురం మన వేళలు కొంచెం మార్చుకోలేమా? ఉదయం టిఫిను, బిడ్డ బట్టలు, రాత్రి ఒకసారి లేచి బిడ్డను ఎత్తుకుని తిప్పడం భర్త చేయగల పనులే. ఆ సాయం లేని ఇంట్లో ఉద్యోగం "తానే మానుకుంది" అంటే అందులో ఎంత నిజం ఉన్నట్టు?

ఉద్యోగం మానాలనే నిర్ణయం జరిగితే కొన్ని మాటలు ముందే తేల్చుకోవాలి. నెలనెలా ఆమె చేతికి ఎంత ఇవ్వాలి? ప్రతి చిన్న ఖర్చుకూ చెయ్యి చాపే పరిస్థితి ఆమెకు రానివ్వకూడదు. మహర్ బాకీ ఉంటే చెల్లించడానికి ఇదే తగిన సమయం. ఆమె కూడబెట్టిన సొమ్ము, ప్రావిడెంట్ ఫండ్ ఆమె పేరనే ఉండాలి. బిడ్డ పెరిగాక తిరిగి చేరదలిస్తే అడ్డు చెప్పబోమని కూడా అనుకోవాలి. "ఇంట్లో ఖాళీగా ఉంటున్నావు కదా" అనే మాట ఎవరి నోటా రాకూడదు.

కొలువు కొనసాగించాలని నిర్ణయమైతే బిడ్డను ఎవరు చూస్తారు, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు ఎవరు సెలవు పెడతారు అన్నది ముందే మాట్లాడుకోవాలి. ప్రతిసారీ తల్లే పెట్టాలన్న నియమమేమీ లేదు. బిడ్డ భారం నానమ్మ మీదో, అమ్మమ్మ మీదో వేసేముందు వారి ఓపికనూ, ఇష్టాన్నీ కూడా అడగాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ మొహమాటానికి తల ఊపితే దాన్ని అంగీకారంగా తీసుకోరాదు.

ఈ శుక్రవారం జుమా నమాజు నుంచి వచ్చాక, బిడ్డ నిద్రపోయిన వేళ చూసి, భార్యాభర్తలిద్దరూ ఒక కాగితం, కలం తీసుకుని కూర్చోండి. మొదట ఆమె మాట పూర్తిగా వినండి. తరువాత లెక్క రాయండి. పెద్దల సలహా తీసుకోండి. ఇస్తిఖారా నమాజు చేసి అల్లాహ్‌ను వేడుకోండి. అంతా అయ్యాక ఇద్దరూ కలిసి ఒక మాటకు రండి. ఆ మాట బంధువులకు చెప్పవలసి వచ్చినప్పుడు, "ఇది మా ఇద్దరి నిర్ణయం" అని భర్తే ముందుగా చెప్పాలి.