సెనెగల్‌లో కాథలిక్ మేత్రాసనాల వ్యవస్థ

పశ్చిమాఫ్రికా కొసన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న సెనెగల్ దేశాన్ని గూర్చి వ్రాసేవారు సాధారణంగా తరీఖాలతోనే మొదలుపెడతారు. అది సహజమే. ఆ దేశ జనాభాలో నూటికి 95 మంది ముస్లిములు. వారిలో అత్యధికులు తిజానీ, మురీదీ, ఖాదిరీ తరీఖాలలో ఏదో ఒకదానికి చెందినవారు. కాథలిక్కులు నూటికి ఐదుగురి లోపే. అయినా స్వాతంత్ర్యం వచ్చిన 1960 మొదలు 1980 చివరి వరకు ఆ దేశాధ్యక్షుడుగా ఉన్న లెయోపోల్ సెదార్ సెంఘోర్ కాథలిక్కు. పాఠశాలలలో, వైద్యశాలలలో ఆ సమాజం తన సంఖ్యకు మించిన స్థానం పొందియున్నది. ఇంత చిన్న సమాజం తన వ్యవహారాలను ఏ విధంగా నడుపుకొంటున్నదో తెలుసుకోవటం ఇస్లామీయ అధ్యయనం చేసేవారికి కూడా అవసరమే. ఎందుకంటే, తూబాలో మురీదీల ఖలీఫా ఉన్నట్లే డకార్‌లోని ఆర్చిబిషప్పు కాథలిక్కుల ఖలీఫా అయివుంటాడని చాలామంది భావిస్తారు. ఈ పోలిక సరియైనది కాదు. ఇది ఎక్కడ తప్పిపోతున్నదో గుర్తిస్తే ఆ వ్యవస్థ స్వరూపం చాలావరకు తెలిసిపోతుంది.

ముందుగా మాటలను గూర్చి కొంత చెప్పుకోవాలి. ఫ్రెంచి మాట్లాడే సెనెగల్‌లో డియొసేజ్ అని వ్యవహరించేదానిని మన తెలుగు కాథలిక్కులు మేత్రాసనం అంటారు. దాని అధిపతియైన బిషప్పు మేత్రాణి. దాని క్రింది చిన్న విభాగమైన పారిష్ విచారణ. ఈ మేత్రాణి అనే మాట అరబీ చదివినవారికి కొత్తగా తోచనక్కరలేదు. అరబ్బు క్రైస్తవులు ఆర్చిబిషప్పును ముత్రాన్ అంటారు. మలయాళంలో మెత్రాన్ అంటారు. ఇవన్నీ గ్రీకు మూలం నుండి సిరియా భాష మీదుగా ప్రయాణించి వచ్చిన చుట్టపు మాటలే.

ఇక పోలిక విషయం. మురీదీ తరీఖాలో సంబంధం వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఏర్పడేది. మురీదు తన షేఖు చేతిలో బైఅత్ చేస్తాడు. అతడు డకార్‌లో వ్యాపారం చేసినా, పారిస్‌లో కూలి చేసినా అతని షేఖు మారడు. 1927లో మరణించిన షేఖ్ అహ్మదు బంబా తరువాత ఖలీఫా పదవి ఆయన కుమారులకు, పిమ్మట మనుమలకు వయోక్రమంలో సంక్రమిస్తూ వచ్చింది. కాథలిక్కుల పద్ధతి ఈ రెండు విషయాలలోను భిన్నమైనది. వారికి నివాసమే ప్రధానం. ఒక కాథలిక్కు స్థిరపడే ఉద్దేశంతో ఒక ఊరిలో కాపురం పెట్టినప్పుడు, లేదా ఐదేళ్ళపాటు అక్కడ నివసించినప్పుడు, ఆ ఊరు ఏ విచారణలో ఉందో అతడు ఆ విచారణకు, ఏ మేత్రాసనంలో ఉందో ఆ మేత్రాణికి చెందుతాడు. ఊరు మారితే మేత్రాణి మారతాడు. ఇక మేత్రాణి బ్రహ్మచారి కనుక వారసత్వం మాటే లేదు. స్థానం ఖాళీ అయినప్పుడు డకార్‌లోని పోపు రాయబారి రహస్యంగా విచారించి, మూడు పేర్లు రోముకు పంపుతాడు. నియామకం పోపు చేతిలో ఉంటుంది. 75 ఏళ్ళు నిండగానే మేత్రాణి రాజీనామా సమర్పించాలి. ఇంకొక ఊరి నుండి, ఇంకొక జాతి నుండి వచ్చినవాడు ఆ పీఠం మీద కూర్చోవచ్చును.

అయితే నేల గీతలను బట్టి సాగే వ్యవస్థ అన్నంతమాత్రాన మేత్రాణికి ఆ నేల మీద అధికారం ఉన్నదని అర్థం కాదు. దేశంలోని ప్రతి అంగుళమూ ఏదో ఒక మేత్రాసనంలో పడుతుంది. తిజానీల కేంద్రమైన తివావాన్ పట్టణం తియెస్ మేత్రాసనపు ఎల్లలలో ఉంది. షేఖ్ ఇబ్రాహీం నియాస్ స్థాపించిన మదీనా బాయ్ ఉన్నది కౌలాక్ నగరంలో. అదే కౌలాక్ ఒక మేత్రాణికి కూడా పీఠస్థానం. తూబా సైతం ఏదో ఒక గీతకు లోపలనే ఉండక తప్పదు. ఈ పటాన్ని చూచి ఎవరైనా కలవరపడితే అది అనవసరమైన కలవరం. గీత చెప్పేది ఒక్కటే: ఈ హద్దులలో కాథలిక్కులు ఎందరున్నా, ఒక్కరే ఉన్నా, వారి ధార్మిక విషయాలకు జవాబుదారి ఎవరు అన్నది.

ఈ గీతలు ఒకేసారి గీసినవి కావు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తక స్థావరమైన సెయింట్ లూయీ కేంద్రంగా ఒక అపోస్తలిక ప్రిఫెక్చర్ ఏర్పడింది. 1863లో సెనెగాంబియా వికారియేట్ వచ్చింది. ప్రిఫెక్చర్, వికారియేట్, మేత్రాసనం అనేవి మూడు మెట్లు. మొదటి మెట్టులో అధిపతి మేత్రాణి అయివుండనక్కరలేదు. రెండవ మెట్టులో అతడు మేత్రాణియే గాని, పోపు తరఫున పాలించే ప్రతినిధి మాత్రమే. అతనికి పేరుకు ఎక్కడో అంతరించిపోయిన ఒక ప్రాచీన పీఠాన్ని ఇస్తారు. అట్టి పీఠాలలో అనేకం ఉత్తరాఫ్రికాలో, ఆసియా మైనరులో, అనగా తరువాత ముస్లిం దేశాలైన ప్రాంతాలలో ఉన్నవే. వీటిని పూర్వం ‘అవిశ్వాసుల ప్రాంతాలలోని’ పీఠాలని వ్యవహరించేవారు. 1882లో రోము ఆ మాటను మానుకొన్నది. మూడవ మెట్టు ఎక్కినప్పుడే మేత్రాణి తన స్వంత హక్కుతో పాలకుడవుతాడు.

సెనెగల్‌లో ఈ మూడవ మెట్టు 1955 సెప్టెంబరు 14న వచ్చింది. ఆనాడు డకార్ అగ్రపీఠంగాను, దక్షిణాన కాసమాన్స్ ప్రాంతంలోని జిగించోర్ మేత్రాసనంగాను రూపొందాయి. ఆ తరువాత 1965లో కౌలాక్, 1966లో సెయింట్ లూయీ, 1969లో తియెస్, 1989లో తూర్పున తాంబకుందా మేత్రాసనాలయ్యాయి. చివరగా 1999లో జిగించోర్ నుండి ఎగువ కాసమాన్స్‌ను విడదీసి కోల్దాను నెలకొల్పారు. మొత్తం ఏడు. ఈ ఏడింటి బరువు సమానం కాదు. సెరేర్ జాతివారున్న పశ్చిమ తీరంలోను, జోలా జాతివారున్న కాసమాన్స్‌లోను కాథలిక్కులు గుంపుగా ఉన్నారు. ఉత్తరాన సెయింట్ లూయీలోను, తూర్పున తాంబకుందాలోను విస్తీర్ణం హెచ్చు, జనం స్వల్పం. అక్కడ ఒక్కొక్క ఫాదరీ ఎంతో దూరం ప్రయాణించి కొద్ది కుటుంబాలను చూచివస్తాడు.

మేత్రాసనం కావటమంటే కేవలం పేరు మారటం కాదని డకార్ చరిత్ర తెలియజేస్తుంది. 1955 వరకు ఆ ప్రాంతాన్ని రోము పవిత్రాత్మ సభ అనే ఫ్రెంచి మిషనరీ సంఘానికి అప్పగించి ఉంచింది. మొదటి ఆర్చిబిషప్పు మార్సెల్ లెఫెవ్ర్ ఆ సభవాడే, ఫ్రెంచివాడే. 1959 చివరలో ఆయన ఒక ఫ్రెంచి కాథలిక్ పత్రికలో ఆఫ్రికా ముస్లిం దేశాలు కమ్యూనిజానికి దారి తీస్తాయన్న ధోరణిలో వ్యాసం వ్రాశాడు. స్వాతంత్ర్యపు గుమ్మంలో నిలబడిన దేశంలో, నూటికి 95 మంది ముస్లిములున్న చోట, ఆ మాటలు ఎంత బాధ కలిగించి ఉంటాయో ఊహించవచ్చును. కాథలిక్కైన సెంఘోర్‌కు కూడా అవి ఇబ్బందిని తెచ్చిపెట్టాయి. 1962లో లెఫెవ్ర్ వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో పొపంగిన్ గ్రామంలో పుట్టిన హయసింత్ తియాందుమ్ వచ్చాడు. 1921లో జన్మించిన ఆయనకు అప్పటికి 41 ఏళ్ళు. 2000 వరకు ఆయనే ఆర్చిబిషప్పు. 1976లో కార్డినల్ అయ్యాడు. ఆయనకు ఫాదరీ పట్టం ఇచ్చినది లెఫెవ్రే. ఆ లెఫెవ్ర్ 1988లో పోపు అనుమతి లేకుండా నలుగురికి మేత్రాణి అభిషేకం చేసి వెలికి గురి అయ్యాడు. పరాయి దేశపు మిషనరీ చేతి నుండి ఆ నేల మీద పుట్టినవాని చేతికి పీఠం రావటమే సెనెగల్‌లో ముస్లిం-క్రైస్తవ సంబంధాలకు మేలు చేసిన మార్పులలో ముఖ్యమైనదని చెప్పాలి. తియాందుమ్ తరువాత తియొడోర్ అద్రియెన్ సార్, బెంజమిన్ న్జాయ్ ఆ పీఠాన్ని అధిష్ఠించారు. ఇద్దరూ అంతకుముందు కౌలాక్ మేత్రాణులే. 2025లో తియెస్ మేత్రాణిగా ఉన్న ఆంద్రే గేయ్ నియమితుడయ్యాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. డకార్ ఆర్చిబిషప్పు తక్కిన ఆరుగురికి అధికారి కాడా? గౌరవంలో అగ్రుడే. రాజధానిలో ఉంటాడు కనుక ప్రభుత్వమూ పత్రికలూ ఆయననే ముందు పలకరిస్తాయి. కాని కాథలిక్ ధర్మశాస్త్రాన్ని బట్టి ఆయన అధికారం చాలా పరిమితం. తన చుట్టుపట్ల మేత్రాసనాలలో విశ్వాసానికీ క్రమశిక్షణకూ భంగం కలిగితే పోపుకు తెలుపవచ్చును. ఒక మేత్రాసనం ఖాళీ అయి, అక్కడి సలహా మండలి 8 రోజులలోగా తాత్కాలిక నిర్వాహకుని ఎన్నుకోకపోతే ఆయన నియమించవచ్చును. ఇటువంటివి మరికొన్ని. అంతకు మించి కౌలాక్‌లోని ఒక ఫాదరీని బదిలీ చేయటానికి గాని, జిగించోర్ ఆస్తిలో ఒక గోడ కట్టించటానికి గాని ఆయనకు హక్కు లేదు. ప్రతి మేత్రాణీ నేరుగా రోముకే జవాబుదారి. మేత్రాణుల సమాఖ్య ఒకటి ఉన్నది. అందులో సెనెగల్‌తోపాటు మారితేనియా, కేప్ వెర్ద్, గినీ-బిస్సావు మేత్రాణులు కూడా సభ్యులు. దాని అధ్యక్షుడు ఎన్నికైనవాడే గాని డకార్ ఆర్చిబిషప్పే అయివుండాలన్న నియమం లేదు. విచిత్రమేమంటే, సెనెగల్ కడుపులో పొదిగినట్లున్న గాంబియా ఈ సమాఖ్యలో చేరలేదు. అది ఇంగ్లీషువారి వలస కనుక, అక్కడి బాంజుల్ మేత్రాసనం సియెరా లియోన్ వైపు నిలిచింది. వలస పాలకుల భాషలు గీసిన గీతలను చర్చి కూడా దాటలేకపోయిందన్నమాట.

ఈ విడివిడి బాధ్యత ఎంత బరువైనదో కాసమాన్స్ చెబుతుంది. 1982లో అక్కడ ఆరంభమైన వేర్పాటు ఉద్యమానికి నాయకుడైన అగస్తీన్ జామాకూన్ సెంఘోర్ జిగించోర్ మేత్రాసనపు ఫాదరీ. ఆయన జైలుకు వెళ్ళాడు, 2004 డిసెంబరు 30న ప్రభుత్వంతో శాంతి ఒప్పందంపై సంతకం చేశాడు, 2007లో మరణించాడు. ఉద్యమంలో ముస్లిములూ ఉన్నారు, సంప్రదాయ మతస్థులూ ఉన్నారు. కాని నాయకుడు ఫాదరీ కావటంతో దానికి కాథలిక్ తిరుగుబాటన్న ముద్ర పడే ప్రమాదం ఏర్పడింది. ఆ ముద్ర పడకుండా చూడవలసిన బాధ్యతా, తన మేత్రాసనపు ఫాదరీని గూర్చిన బాధ్యతా రెండూ జిగించోర్ మేత్రాణి మీదనే పడ్డాయి.

క్రింది స్థాయిలో విచారణ ఉంటుంది. విచారణకర్తయైన ఫాదరీ, ఊరూరా ఉపదేశులు, పాటల బృందాలు, స్త్రీల సంఘాలు, వాటి పద్దులు. ఖర్చులు కొంత విశ్వాసుల వార్షిక చందాతోను, కొంత రోము నుండి, విదేశాల నుండి వచ్చే సహాయంతోను జరుగుతాయి. జ్ఞానస్నానం పొందిన విచారణలోనే ప్రతివాని పేరూ నమోదై ఉంటుంది. పెళ్ళి ఎక్కడ జరిగినా ఆ పుస్తకంలో వ్రాయవలసిందే. ముస్లిం కుటుంబాలకు ఈ యంత్రాంగంతో నేరుగా పని పడేది ఇక్కడనే. సెనెగల్‌లో ఒకే ఇంటిలో రెండు మతాలవారుండటం అరుదు కాదు. గ్రంథ ప్రజల స్త్రీని వివాహమాడటానికి షరీఅత్ ముస్లిం పురుషునికి అనుమతి ఇస్తున్నది. కాని కాథలిక్కు వైపు నుండి అట్టి వివాహం చెల్లాలంటే మేత్రాణి వద్ద ప్రత్యేక మినహాయింపు పొందాలి. పైగా కాథలిక్కు భాగస్వామి తన సంతానానికి ఆ మతంలోనే జ్ఞానస్నానం ఇప్పించి పెంచటానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తానని వాగ్దానం చేయాలి. ఆ సంగతి రెండవ పక్షానికి తెలియజేయాలి. షరీఅత్ దృష్టిలో బిడ్డలు తండ్రి మతానికే చెందుతారు. కనుక రెండు కుటుంబాలూ నికాహ్‌కు ముందే ఈ విషయం విప్పి మాట్లాడుకోకపోతే తరువాత ఇబ్బంది తప్పదు. ఫాదరీ మొండివాడనో, ఇమాము కఠినుడనో నిందించి ప్రయోజనం లేదు.

ఇక పాఠశాలల సంగతి. పైకి అన్నిటి మీదా కాథలిక్ అన్న పేరే ఉంటుంది. కాని వాటిలో కొన్ని మేత్రాసనానివి, కొన్ని సన్యాసినీ సభలవి. క్లూనీ సెయింట్ జోసఫ్ సభకు చెందిన సిస్టర్లు సెనెగల్‌లో అడుగుపెట్టినది 1819లో, అనగా ఇప్పటి మేత్రాసనాలన్నిటి కంటె ముందు. ఇట్టి సభలకు తమ పై అధికారులు వేరుగా ఉంటారు. 1983 నాటి కాథలిక్ ధర్మశాస్త్ర సంపుటి ఈ విషయంలో మధ్యమార్గం పట్టింది: తన ఎల్లలలో ఉన్న కాథలిక్ పాఠశాలలను తనిఖీ చేయటానికి, సాధారణ నియమాలు చేయటానికి మేత్రాణికి హక్కు ఉన్నది, లోపలి నిర్వహణలో సభలకు స్వాతంత్ర్యం ఉన్నది. ఏది సాధారణ నియమం, ఏది లోపలి నిర్వహణ అన్నది తగవు వచ్చినప్పుడే తేలుతుంది.

అట్టి తగవు 2019లో వచ్చింది. డకార్‌లో ఆ సభ నడిపే ఒక పాఠశాల ఆ ఏడు మే నెలలో, రాబోయే విద్యాసంవత్సరం నుండి విద్యార్థినులు తల కప్పుకొని రాకూడదని ప్రకటించింది. సెప్టెంబరులో బడి తెరచినప్పుడు హిజాబు ధరించి వచ్చిన బాలికలను లోపలికి రానివ్వలేదు. ఏళ్ళ తరబడి ముస్లిం బిడ్డలు చదువుకొంటున్న బడిలో ఇలా జరగటం దేశమంతటా కలకలం రేపింది. ఆర్చిబిషప్పు ఒక్క మాట ఆజ్ఞాపిస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. కాని నిర్ణయం తీసుకొన్నది ఆయన కార్యాలయం కాదు. పాఠశాలను నడిపే సభ. జాతీయ విద్యాశాఖకూ పాఠశాల నిర్వాహకులకూ మధ్య సంప్రదింపులు జరిగి, యూనిఫారాన్ని కప్పివేయని తగిన కొలత గల వస్త్రంతో తల కప్పుకోవచ్చునన్న షరతు మీద ఆ నెలలోనే బాలికలు తిరిగి తరగతులకు వచ్చారు.