అసలు కరెంటు వచ్చింది, సోలారు మూలనపడింది

ఊరికో చిన్న గ్రిడ్ అంటూ రాయితీలిచ్చిన రాష్ట్రాలు దాన్ని పెద్ద గ్రిడ్‌తో కలిపి నడిపే సంగతి మాత్రం మరిచాయి

బీహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నాయి గ్రామం మూడు దశాబ్దాలు చీకట్లో గడిపింది. 2014లో గ్రీన్‌పీస్ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ నెలకొల్పింది. 450 ఇళ్లకు, 50 దుకాణాలకు వెలుగొచ్చింది. సంబరం ఎంతోసేపు నిలవలేదు. ప్రారంభోత్సవానికి వచ్చిన మాజీ ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ ఎదుటే గ్రామస్థులు నినాదాలందుకున్నారు: మాకు అసలు కరెంటు కావాలి, నకిలీ కరెంటు కాదు! అసలు కరెంటంటే బొగ్గుతో తయారై తీగల మీద వచ్చేది. అది కొద్దికాలంలోనే వచ్చేసింది. చౌక కూడా. సోలార్ బ్యాటరీలు నీరసించాయి. 2021 నాటికి ఆ కేంద్రం ఆవరణ పశువుల కొట్టంగా మారిపోయింది.

తప్పు గ్రామస్థులది కాదు. ఫ్రిజ్ పెట్టుకోవద్దు, టీవీ వద్దు అంటూ ఎక్కువ ధరకు ఇచ్చే కరెంటును ఎవరైనా ఎంతకాలం మోస్తారు? లోపం చట్టంలోనే ఉంది. ప్రభుత్వం గుర్తించిన గ్రామీణ ప్రాంతాల్లో లైసెన్సు లేకుండానే విద్యుత్తు తయారుచేసి పంపిణీ చేసుకోవచ్చని 2003 నాటి విద్యుత్ చట్టం చెప్పింది. డిస్కమ్ తీగ అదే ఊరికి వస్తే అప్పటిదాకా పెట్టుబడి పెట్టినవాడి గతేమిటన్న ప్రశ్నను వదిలేసింది.

ఈ చిక్కును సూటిగా పట్టుకున్నది ఉత్తరప్రదేశ్. 2016లో తెచ్చిన మినీగ్రిడ్ విధానంలో 30 శాతం రాయితీ ప్రకటించి, అది తీసుకున్నవారు 50 వాట్లకు నెలకు రూ.60, 100 వాట్లకు రూ.120 చొప్పున రోజుకు 8 గంటలు కరెంటివ్వాలంది. గ్రిడ్ వస్తే డిస్కమ్ ఆ విద్యుత్తును కొనాలి, లేదా కేంద్రాన్నే ధర కట్టి తీసుకోవాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ నష్టాల్లో మునిగిన డిస్కమ్‌కు ఊరి చివరి చిన్న ప్లాంటు మీద మక్కువ ఎందుకుంటుంది!

2017లో సౌభాగ్య పథకం మొదలైంది. 2018 ఏప్రిల్‌లో మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో ప్రతి ఊరికీ విద్యుత్తు చేరిందని కేంద్రం ప్రకటించింది. ఇక మైక్రోగ్రిడ్‌తో పనేమిటనే ధోరణి అధికారుల్లో పాతుకుపోయింది.

పని ఉందని పెద్ద గ్రిడ్డే పలుమార్లు గుర్తుచేసింది. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్, మర్నాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో మగ్గారు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో అనుసంధానం కాలేదు గనుక తెలుగు నేల బతికిపోయింది. 2013 డిసెంబర్ 31న అనుసంధానం జరిగాక ఆ ధీమా చెల్లింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊపేసినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటుకు మొహం వాచింది. తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. మంచిదే. కానీ పైనుంచి సరఫరా ఆగితే భూమిలోని తీగా ఖాళీయే.

ఇంటి మీద సోలార్ పలకలున్నా అంతే. లైన్‌మన్‌కు ప్రమాదం రాకుండా, గ్రిడ్ ఆగిన వెంటనే ఇన్వర్టర్ కూడా ఆగిపోయేలా తయారుచేస్తారు. నెత్తిన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. గ్రిడ్ నుంచి విడిపోయి సొంతంగా నడిచే స్విచ్చి, బ్యాటరీ ఉంటేనే అది మైక్రోగ్రిడ్ అవుతుంది. ఖర్చంతా అక్కడే. రాయితీలు మాత్రం ఎక్కువగా పలకల చుట్టే తిరుగుతున్నాయి.

ఛత్తీస్‌గఢ్ కాస్త భిన్నంగా ఆలోచించింది. రాష్ట్ర సంస్థ క్రెడా వందల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, గ్రిడ్ ఉన్నచోట కూడా, బ్యాటరీలతో సౌర వ్యవస్థలు పెట్టి నిర్వహణ భారం తానే తీసుకుంది. ఆ కేంద్రాల్లో మిగతావాటికంటే నెలకు దాదాపు రెట్టింపు ప్రసవాలు జరిగాయని సీఈఈడబ్ల్యూ 2017 అధ్యయనంలో తేలింది. రాత్రి కరెంటు పోయినా అక్కడ కాన్పు గదిలో దీపం ఆరదు.