పుట్ట మీద మొలిచినదెల్లా పుట్టగొడుగేనా?



ఉరుములతో రెండు మూడు మంచి వానలు పడ్డాయంటే వినుకొండ చుట్టుప్రక్కల గ్రామాలలో పిల్లా పెద్దా చెదపుట్టల వెంట పడతారు. పత్తిచేల గట్ల మీద, కొండవాలు పొదలలో తెల్లవారేసరికి పుట్టగొడుగులు లేచి ఉంటాయి. సంఘ కుటుంబాలను దర్శించబోయినప్పుడు ఆ కూర మేమూ తిన్నాము. దాని ముందు కోడికూర ఏపాటిది! కనుక తినవద్దని చెప్పుటకు ఇది వ్రాయడం లేదు. గుర్తుపట్టి తినండని వ్రాస్తున్నాము.

చెదలు ఎండుటాకులు, పుల్లలు కొరికి తెచ్చి, పుట్ట లోపల తేనెపట్టు వంటి దిమ్మలు కట్టి, వాటి మీద ఒక బూజును పెంచుతాయి. అదే వాటి ఆహారం. వానకు మట్టి మెత్తబడగానే ఆ బూజు వేరువంటి పొడవాటి కాడతో పైకి వచ్చి గొడుగై విచ్చుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని టెర్మిటోమైసిస్ అంటారు. షెడ్డులో సంచులలో పెంచే పుట్టగొడుగుల వలె దీనిని పండించి అమ్మడం ఇంతవరకు సాధ్యపడలేదు. చెదపురుగు చేసే సేద్యం మనకు చేతకాలేదన్నమాట!

కోసుకొని రావద్దు, త్రవ్వి చూడండి. మంచిదైతే కాడ సన్నబడుతూ లోతుకు దిగిపోతుంది. గొడుగు నడినెత్తిన మొనదేలిన బుడిపె ఉంటుంది. గొడుగును తెల్లకాగితంపై బోర్లించి, గిన్నె మూసి, రాత్రంతా ఉంచితే లేత గులాబి రంగు పొడి రాలుతుంది.

అదే పుట్ట మీద పోడాక్సిస్ అనేది కూడా మొలుస్తుంది. దాని టోపీ కోడిగుడ్డు వలె మూసుకొనే ఉండి, ముదిరితే లోపల నల్లని పొడి అవుతుంది. పేడదిబ్బల దగ్గర, గడ్డిలో మొలిచే పెద్ద తెల్ల గొడుగుల సంగతి వేరు. పైన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం వంటి చుట్టు ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంటుంది గాని, కాగితంపై రాలే పొడి ఆకుపచ్చన. తింటే గంట నుండి మూడు గంటలలో వాంతులు, విరేచనాలు. పసిపిల్లలు తట్టుకోలేరు.

అన్నిటికంటె చెడ్డవి అమానిటా జాతిలో ఉన్నాయి. వాటి కాడ మొదట గుడ్డుపెంకు వంటి సంచి మట్టిలో దాగి ఉంటుంది. పైపైన కోసినవారికి అది కనబడదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారే.

వెండి నాణెం నల్లబడలేదనీ, వెల్లుల్లి రంగు మారలేదనీ, పురుగు తిన్నది గనుక మంచిదనీ అంటారు. ఇవేవీ నమ్మదగినవి కావు. అమానిటా విషం ఎంత ఉడికించినా పోదు. పైగా అది వెంటనే బయటపడదు. రాత్రి తింటే తెల్లవారుజామున, అనగా 6 నుండి 12 గంటల తరువాత, వాంతులు మొదలవుతాయి. తరువాత ఒక రోజు తగ్గినట్లే ఉంటుంది. ఆ లోపల కాలేయం చెడిపోతుంటుంది. తగ్గింది గదా అని ఇంటికి తీసుకొనిపోయేది ఇక్కడే.

ప్రార్థన చేయించుకొని చూద్దామని ఆగే కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. అమ్మలారా, అయ్యలారా, ప్రార్థన 108 బండిలో కూడా చేయవచ్చును. పిలిస్తే మేమూ ఎక్కుతాము. మిగిలిన పుట్టగొడుగు ముక్కను కాగితంలో చుట్టి వెంట తీసుకొని వెళ్ళండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు వాంతి అయినదో, ఇంకా ఎవరెవరు తిన్నారో డాక్టరుగారికి చెప్పండి. వాంతులు కానివారిని కూడా చూపించండి.