కుక్క ఎదురైన వేళ

చిత్తకార్తె వచ్చినదనగా కుక్కలు గుంపులు కట్టుననుట మన రైతులెఱిగిన విషయమే. ఆ దినములలో జతగూడిన కుక్క రమారమి 63 దినములు గర్భము మోసి, మార్గశిర పుష్యముల చలిలో ఏ మెట్లక్రిందనో, ఏ ఇసుకకుప్ప చాటుననో ఈనును. కావున కార్తెనాళ్లలో మగకుక్కల కలహమును, పిమ్మట రెండు నెలలకు పిల్లలతల్లి యుగ్రతయు మన వీథులకు ఏటేట వచ్చుచునే యుండును. నిన్నటివఱకు మన చేతిముద్దకు తోకయూపిన కుక్కయే, బంతికై పరుగెత్తిన బాలుని పిక్క పట్టుకొనినయెడల, దానిని పిచ్చికుక్కయని కొట్టి చంపుటకు మున్ను, ఆ బంతి దొరలిన మూలలో పిల్లలున్నవేమో చూడవలసియున్నది.

కఱవబోవు కుక్క తన కోపమును తఱచుగా దాచుకొనదు. దానిని గుర్తించుట మనమే నేర్వలేదు. మొఱిగెడు కుక్క కఱవదను సామెత వీథిలో ప్రాణరక్షణమున కుపకరింపదు. మొఱిగి కఱచునవియు కలవు, మొఱుగకయే పైబడునవియు కలవు. చూడవలసినది దేహమును. ఒడలు కొయ్యబారి, మెడవెనుక మొదలు తోకవఱకు వెండ్రుకలు నిక్కబొడుచుకొని, పెదవి ముడుచుకొని పండ్లు కనబడగా, ఱెప్పవాల్చక చూచు కుక్క మనలను ఆగుమని హెచ్చరించుచున్నది. తోక కదలినంతమాత్రమున స్నేహమని తలపరాదు: నడుము వదులై వెనుకభాగమంతయు ఊగునట్లు ఆడించు తోక వేఱు, నిటారుగా నెత్తి కొన మాత్రము వడివడిగా కదలించు తోక వేఱు. తోకను కాళ్లసందున ముడుచుకొని గోడకు ఒదిగిన పిఱికికుక్కయు, తప్పించుకొను దారి మనము మూసితిమేని, కఱచితీరును.

ఇట్టి కుక్క ఎదురైనప్పుడు పరుగెత్తవలెనని కాళ్లు తొందరపడును, అదియే చేయరానిది. పాఱిపోవుదానిని తఱుముట వేటజంతువునకు పుట్టుకతో వచ్చిన గుణము, పరుగులో మనుష్యుడు దానిని గెలువజాలడు. నిలువవలెను; చేతులను ఒంటికి చేర్చుకొనవలెను; కుక్క కన్నులలోనికి సూటిగా చూడక, ఒడలిని కొంచెము ప్రక్కకు త్రిప్పి, కడకంట దానిని గమనించుచు, వెన్ను చూపక మెల్లగా వెనుకకు జరుగవలెను. చేతిలో సంచియో గొడుగో ఉన్నచో దానిని నడుమ నడ్డముగా నుంచవలెను. రాయికై వంగినంతనే ఒంటరికుక్క బెదరవచ్చును గాని, గుంపు ఎదుట వంగి మొగమును దానికి అందుబాటున నుంచుట సాహసము. క్రిందపడినచో మోకాళ్లను పొట్టకు ముడుచుకొని, వ్రేళ్లను మెడవెనుక పెనవేసి, మోచేతులతో చెవులను మొగమును కప్పుకొని కదలక యుండవలెను. ఇది పిల్లలకు ఇంటిలో చాపమీద నొకమాఱు ఆటగా చేయించి నేర్పదగిన విద్య. ద్విచక్రవాహనము నెక్కినవారు వెంటబడు కుక్కను చూచి వేగము పెంచుటచేతనే తఱచు పడుచున్నారు; వేగము తగ్గించిన కుక్క యుత్సాహమును తగ్గును.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు కుక్కల గుంపు వాత బడి మరణించిన దుర్ఘటన తలచినపుడెల్ల మనస్సు క్షోభించును. అంతటి పసివానికి పై యుపాయములేవియు అక్కఱకు రావు. వానికి పెద్దవారి తోడే రక్షణ. వీథి మాటకు వత్తుమేని, మాంసపు దుకాణముల వ్యర్థములును, పొంగిపొరలు చెత్తకుండీలును ఉన్నంతకాలము గుంపులు తఱుగవు. పట్టుకొనిపోయిన కుక్కల చోటికి క్రొత్తవి వచ్చి చేరును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు కుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని చెప్పుటకు మూలము ఇదియే. ఆ పని అరకొరగా గాక, పేట పేటకు పూర్తిగా జరిగిననే ఫలించునని నా దృఢవిశ్వాసము.

కాటు పడెనా, మొదటి చికిత్స కుళాయి యొద్దనే. గాయమును నీటిధార క్రింద నుంచి, సబ్బు నురుగుతో 15 నిమిషములు కడుగవలెను. మూడు నిమిషములకే చాలుననిపించును, పిల్లవాడు ఏడ్చును, చుట్టునున్నవారు ఆలస్యమగుచున్నదని తొందరపెట్టుదురు. అయినను కడుగవలెను, ఏలయనగా రేబిస్ వైరసు పైనున్న క్రొవ్వుపొరను సబ్బు చెఱచి దానిని నశింపజేయును. కారము, పసుపు, సున్నము, కాఫీపొడి, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. ఆ వైరసు నరముల వెంట మెదడునకు ప్రాకును. కావున మొగముమీది కాటు పాదముమీది కాటుకంటె త్వరగా ముప్పు తెచ్చును. నీటిని చూడగనే గొంతు బిగుసుకొను దశ వచ్చిన పిదప మరణము దాదాపు తప్పదు. అంతకు మున్నే టీకా పడినచో వ్యాధి రాకుండ కాపాడుకొనవచ్చును. 1885 జూలై 6వ తేదీన పారిసులో లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేయించినది మొదలు ఎన్నియో ప్రాణములను నిలిపిన వైద్యమిది.

బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము ఇంకను కొందఱిని వదలలేదు. ఆ పాత మందు మన దేశమున ఎప్పుడో నిలిచిపోయినది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా, సాధారణముగా భుజముమీద చర్మములోనికి, 0, 3, 7, 28వ దినములందు వేయుదురు. రక్తము కాఱిన గాయమైనచో దాని చుట్టును ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును కూడ ఎక్కింపవలెను. కఱచిన కుక్కను పది దినములు గమనించుట మంచిదే గాని, అంతవఱకు టీకాను ఆపరాదు. మూడవ సూదితో నొప్పి మఱచి నాలుగవదానికి పోనివారు పలువురు. తిట్టుదురని గీఱును దాచు పిల్లలు అంతకంటె పలువురు; వారితో మృదువుగా మాటాడి ఒడలంతయు పరీక్షింపవలెను. టీకా చీటిని ఇంటిపత్రములతో భద్రపఱుపుడు. పూర్తిగా టీకాలు పొందినవానిని మరల కుక్క కఱచినయెడల, ఆ చీటి చూచి వైద్యులు 0, 3 దినములందు రెండు మార్లు వేసి సరిపెట్టుదురు.