హిమగిరి యాత్రల యథార్థచిత్రములు

గంజాం ప్రాంతపు తెలుగువారికి కొండ క్రొత్త కాదు. బరంపురమునకు నైరుతి దిక్కున మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. పూర్వము గంజాం జిల్లాలోనిదై, 1992 నుండి గజపతి జిల్లాకు చెందిన యీ గిరిని శివరాత్రినాడు యాత్రికులు నేటికిని ఎక్కుచున్నారు. ఎక్కి వచ్చినవాడు చెప్పిన మాటను నమ్మనివారు తామే పోయి చూడవచ్చును. హిమాలయ శిఖరముల విషయమున అట్టి వీలు లేదు. ఎవరెస్టు ఎత్తు, 2020లో ప్రకటింపబడిన లెక్క ననుసరించి, 8848.86 మీటర్లు, అనగా మహేంద్రగిరికి రమారమి ఆరు రెట్లు. గోపాల్పూరు సముద్రతీరమున మనకు లభించు ప్రాణవాయువులో మూడవవంతు మాత్రమే ఆ శిఖరమున లభించును. అచటికి పోజాలని కోట్లాది జనులకు చలనచిత్రమే సాక్షి. ఆ సాక్షి ఎంతవరకు చూచెను, ఎవరిని చూపెను, ఎవరిని విడిచెను అనునది విచారింపదగిన విషయము.

ఈ చిత్రములలో తొలి మేటి కృతి 1924 నాటి ‘ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్’. దానిని తీసినవాడు కెప్టెన్ జాన్ నోయెల్. ఆయన చిత్రహక్కులకై 8000 పౌనుల ధనము సమకూర్చి, దూరదర్శక కటకముతో మైళ్లకొలది దూరమునుండి యాత్రికులను చిత్రించెను. ఆ యాత్రలో మాలరీ, ఇర్విన్ అనువారు జూన్ 8వ తేదీన శిఖరమువైపు సాగుచు కనుమరుగైరి. వారు శిఖరమును చేరిరో లేదో చిత్రము చెప్పజాలదు. తెల్లని మంచుపై నల్లని చుక్కలవలె కదలు మనుష్యులను మాత్రము అది చూపును. తాను చూడనిదానిని చూచినట్లు నటింపకుండుటయే దాని విలువ.

అయినను ఆ చిత్రము మరియొక పాఠమును గూడ నేర్పినది. టిబెట్టు ప్రజల నిత్యజీవితము నందు చిత్రింపబడినది. ఒకడు బిడ్డ తలలోని పేలను తీసి తినుచున్నట్లున్న దృశ్యము టిబెట్టు ప్రభువులకు అవమానకరముగా తోచెను. లండనులో చిత్రప్రదర్శనమునకు ముందు లామాలచే నృత్యము చేయించుట వారి ఆగ్రహమును పెంచెను. ఇతర కారణములతోపాటు దీనివలన 1933 వరకు బ్రిటిషు యాత్రికులకు ఆ మార్గము తెరువబడలేదు. కొండను గౌరవించిన చిత్రకారుడు కొండవారి మనసును గమనింపకపోవుటచే కలిగిన ఫలమిది.

1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరమును చేరిరి. ఆ యాత్రను చూపు ‘ది కాంక్వెస్ట్ ఆఫ్ ఎవరెస్ట్’ చిత్రమునకు టామ్ స్టోబర్ట్ ఛాయాగ్రాహకుడు. పై భాగములను జార్జ్ లో అను ఆరోహకుడు చిత్రించెను. కాని శిఖరముపై చలనచిత్రము తీయబడలేదు. హిల్లరీ తీసిన నిశ్చలచిత్రములలో టెన్సింగ్ కనబడును. శిఖరముపై హిల్లరీ చిత్రమే లేదు. విజయమును గూర్చిన చిత్రమున విజయక్షణమే లేకపోవుట వింతగా తోచవచ్చును. అయినను లేనిదానిని కల్పింపని నిజాయితీయే యథార్థచిత్రమునకు ప్రాణము.

ఇంత కష్టమునకు హేతువు లేకపోలేదు. తీవ్రమైన చలిలో ఫిల్ము పెళుసై విరుగును. యంత్రములోని నూనె చిక్కబడును. బ్యాటరీల శక్తి తగ్గును. చేతితొడుగు తీసిన వ్రేళ్లు కొద్దిసేపటిలో కొయ్యబారును. 1996లో డేవిడ్ బ్రెషియర్స్ బృందము ఐమాక్స్ కెమెరాను శిఖరమునకు చేర్చెను. బరువు తగ్గించిన పిదపను అది సుమారు 19 కిలోలు. ఒక చుట్ట ఫిల్ము ఒకటిన్నర నిమిషములో ముగియును. ఆ మే మాసమున తుపానులో 8 మంది మరణించినప్పుడు ఆ బృందము చిత్రీకరణము నాపి, ఆపన్నులకు తోడ్పడెను. ఆ పిదపనే మే 23న శిఖరమును చేరెను.

భారతదేశమున 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఇట్టి చిత్రములను జనులకు చేర్చెను. 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వమున 9 మంది భారతీయులు ఎవరెస్టు నెక్కిన యాత్ర అట్లే చిత్రరూపము దాల్చినది. ఆ సంస్థ చిత్రములు తెలుగు, ఒడియా మొదలగు భాషల వ్యాఖ్యానముతో అసలు సినిమాకు ముందు ప్రదర్శింపబడుచుండెను. మంచును కంట చూడని ప్రేక్షకులకు హిమాలయము ఆ తెరపైననే పరిచయమైనది.

తెలుగువారి చరిత్రలోను ఇట్టి ఘట్టములు కలవు. విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టుపై అసువులు బాసెను. ఆయన స్మృతియే అదే పాఠశాలలో చదివిన నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబునకు ప్రేరణయైనది. ఆయన 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఉన్నత శిఖరముల నెక్కి, 2015లో ఆండీస్ పర్వతములలో మరణించెను. 2014 ఏప్రిల్ 18న నేపాలు వైపున మంచుచరియలు విరిగిపడి 16 మంది యాత్రాసహాయకులు మరణించిరి. ఆ దుఃఖమును వారి దృష్టితో చూపిన చిత్రము ‘షెర్పా’ (2015). 2014లోనే మే 25న టిబెట్టు వైపునుండి నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ శిఖరమును చేరిరి. పూర్ణ జీవితమును గూర్చి 2017లో వెలువడినది కథాచిత్రము. అందు నటులు నటించిరి. కథాచిత్రము ఉత్సాహమును కలిగించును; యథార్థచిత్రము సాక్ష్యము నిచ్చును. మొదటిది ఎన్నడైనను తీయవచ్చును; రెండవది ఆ ఘడియ దాటిన మరల దొరకదు.

నేడు ప్రతివాని చేతను ఫోనురూపమున కెమెరా ఉన్నది. మహేంద్రగిరి నెక్కువారు గుడులను, పొగమంచును, త్రోవలో కానవచ్చు సవరల పల్లెలను చిత్రించుచున్నారు. 1924 నాటి పాఠము వారికిని వర్తించును. కొండను చిత్రించువాడు ముందు కొండవారి అనుమతిని పొందవలెను. తీసిన చిత్రమును వారికి చూపవలెను. చూడనిదానిని చూచినట్లు చెప్పరాదు. ఈ మూడు నియమములను పాటించిన చిత్రము 1501 మీటర్ల కొండపై తీసినదైనను, హిమశిఖర చిత్రములకు తీసిపోని సాక్ష్యమై భావితరములకు నిలుచును.