నీళ్లు పోస్తూ పోతే.. ఇంజిన్‌కే ముప్పు
పాత కార్లలో కూలెంట్ లీకేజీ * ఆదిలోనే గుర్తిస్తే చిన్న ఖర్చుతో మరమ్మతు

తిరుమలగిరి: ఎండలు ముదిరాయంటే సూర్యాపేట-జనగామ రహదారిపై ప్రయాణం పాత కార్లకు పరీక్షే. పెళ్లికో, యాదగిరిగుట్ట దర్శనానికో కుటుంబమంతా బయలుదేరిన వేళ బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మితే పిల్లాపాపలతో నడిఎండలో నిలిచిపోక తప్పదు. దగ్గరలోని బోరు వద్ద బిందెడు నీళ్లు పట్టి రేడియేటర్‌లో పోసి ముందుకు సాగడం చాలామందికి అలవాటు. ఆ పూటకు గండం గడుస్తుంది గానీ లోపం అలాగే మిగిలిపోతుంది. ఒక రబ్బరు గొట్టం మార్చితే తీరే సమస్య చివరకు ఇంజిన్ విప్పే వరకు వస్తుంది.

మధ్యతరగతి కుటుంబాల కారుగా పేరొందిన మారుతీ 800 తొలిసారి 1983లో రోడ్డెక్కగా, 2014లో తయారీ నిలిచిపోయింది. అంబాసిడర్ ఉత్పత్తి సైతం అదే ఏడాది ఆగింది. అంటే ఈ కార్లు ఎంత కొత్తవైనా పదేళ్లు దాటినవే. వాటిలోని రబ్బరు గొట్టాలు, సీళ్లు గట్టిపడి పగుళ్లిచ్చే వయసు ఇది.

ఒత్తిడే కీలకం

ఇంధనం మండినప్పుడు పుట్టే వేడిలో దాదాపు మూడో వంతును కూలెంటే బయటకు చేరవేస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్, నీరు, తుప్పును నిరోధించే రసాయనాల మిశ్రమమే కూలెంట్. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, వాతావరణ పీడనానికి రెట్టింపు ఒత్తిడిలో సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. ఎక్కడ చిన్న రంధ్రం పడినా, మూతలోని రబ్బరు అరిగినా ఈ ఒత్తిడి పడిపోయి కూలెంట్ ముందుగానే మరుగుతుంది.

బోరు నీటితో చిక్కు

2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరి అంతకుముందు నల్గొండ జిల్లాలో ఉండేది. ఆ జిల్లా భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. అయితే రేడియేటర్‌ను దెబ్బతీసేది నీటి కాఠిన్యం. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర వంటిదే రేడియేటర్ సన్నని నాళాల్లోనూ గడ్డకడుతుంది. కూలెంట్ పలుచబడి తుప్పు నిరోధక గుణం తగ్గుతుంది. అందుకే కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలపాలి. దారిలో గత్యంతరం లేక మామూలు నీరు పోసినా, తర్వాత పూర్తిగా తీసివేసి కొత్త కూలెంట్ నింపించాలి.

లీకేజీ ఎక్కడ?

రాత్రి కారు నిలిపిన చోట అట్టముక్క పరిస్తే ఉదయానికి ఆనవాలు దొరుకుతుంది. రంగు లేని నీటి చుక్కలైతే ఏసీ నుంచి వచ్చినవి కావచ్చు. ఆకుపచ్చ, ఎరుపు వంటి రంగుతో జిగటగా ఉంటే అది కూలెంటే. ఆరిన చోట తెల్లని పొడి, మరక కనిపిస్తాయి. పై, కింది గొట్టాలు, క్లిప్పులు, రేడియేటర్ అంచులు, వాటర్ పంపు కింది రంధ్రం వరుసగా పరిశీలించాలి. కారు లోపల తీపి వాసన వచ్చి అద్దం మసకబారితే హీటర్ వద్ద లోపం ఉన్నట్లు భావించాలి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతూ, పొగగొట్టం నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తున్నా, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారినా హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. అటువంటప్పుడు కారు నడపరాదు.

మరమ్మతు ఇలా..

గొట్టం పగిలితే ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్‌ను పాత్రలోకి దింపాలి. పాత గొట్టం తీసి, అది కూర్చునే మూతిని సన్నని ఎమెరీ కాగితంతో శుభ్రం చేయాలి. కొత్త గొట్టంతో పాటు క్లిప్పులు కూడా మార్చడం మేలు. రాగి, ఇత్తడి రేడియేటర్‌కు రంధ్రం పడితే మాటు వేయించవచ్చు. ప్లాస్టిక్ అంచులున్న అల్యూమినియం రేడియేటర్ పగిలితే మార్చుకోవడమే ఉత్తమం.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాలి. చల్లని ఇంజిన్‌ను మూత తీసిన స్థితిలోనే నడిపిస్తే లోపలి గాలి బుడగలుగా బయటకు పోతుంది. మట్టం తగ్గిన కొద్దీ మళ్లీ పోసి, ద్రవం పొంగే లోపు మూత బిగించాలి. కొద్ది దూరం నడిపి, మర్నాడు ఉదయం మట్టం మరోసారి చూసుకోవాలి.

రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకేజీ ఆగుతుందన్నది పాత చిట్కా. సన్నని రంధ్రం తాత్కాలికంగా మూసుకున్నా, ఆ పొడి నాళాలనూ మూసివేసి ఇంజిన్ మరింత వేడెక్కేందుకు కారణమవుతుంది.

ఇవి మరవొద్దు

వేడి సూచించే ముల్లు ఎరుపు గీతను చేరితే వెంటనే ఏసీ ఆపి, కారును పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. వేడి మీద మూత తీస్తే మరుగుతున్న ద్రవం ముఖంపైకి ఎగజిమ్మి తీవ్రంగా కాలుతుంది. కాలుతున్న ఇంజిన్‌పై చల్లని నీళ్లు గుమ్మరిస్తే లోహం పగిలే ప్రమాదముంది. పూర్తిగా చల్లారే వరకు ఓపిక పట్టాలి.

కూలెంట్ విషం. రుచికి తియ్యగా ఉండటంతో పిల్లలు, పశువులు, కుక్కలు నోట పెట్టుకునే అవకాశముంది. కిందపడిన ద్రవాన్ని వెంటనే శుభ్రం చేయాలి. పాత కూలెంట్‌ను కాలువల్లో, బావుల వద్ద పారబోయరాదు. ప్రయాణానికి ముందు చల్లని ఇంజిన్‌పై కూలెంట్ మట్టం చూసుకునేందుకు పట్టేది ఒక్క నిమిషమే. ఆ నిమిషమే కుటుంబాన్ని నడిరోడ్డు తిప్పల నుంచి కాపాడుతుంది.