పాడిపశువులకు పొదుగువాపు – చన్నులకు మందు ముంచు పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో వర్షాధారపు పంట చేజారిన యేట ఇంటనున్న పాడియే కుటుంబమునకు ఆధారమగుచున్నది. పొదుగువాపుచే నాలుగు చన్నులలో ఒకటి చెడినను ఆ నష్టము ఒక ఈతతో తీరునది కాదు. ఈ వ్యాధిని నివారించు ఒక సులభమార్గమును ఇచ్చట వివరింపదలచితిమి.

పాలు పితికిన పిదప చనురంధ్రము వెంటనే మూసికొనదు. అరగంటకు పైగా తెరచియుండును. పితుకువారి చేతులపై, చన్నులపై నిలిచిన సూక్ష్మజీవులు ఆ ద్వారముననే లోనికి పోవును. పితికిన వెంటనే చన్నును క్రిమిసంహారక ద్రవములో ముంచినచో అవి చర్మముపైననే నశించును. ఇంగ్లండులో రీడింగు చెంతనున్న జాతీయ పాడి పరిశోధన సంస్థ 1960 దశకమున ఈ పద్ధతిని పరీక్షించి ప్రచారము చేసెను. సక్రమముగా ఆచరించినచో క్రొత్తగా సోకు వ్యాధి సుమారు సగమునకు తగ్గును.

మంచి మందును నిర్ణయించుట యెట్లు? సీసాపై వ్రాత చాలదు. ప్రయోగశాలలో గాజుగొట్టమునందు క్రిములను చంపినను చాలదు. పొదుగునకు క్రొత్తగా వ్యాధి సోకుట తగ్గినదా అనునదే గీటురాయి. అందులకై శాస్త్రజ్ఞులు ఒకే ఆవునకు రెండు చన్నులను మందులో ముంచి, రెంటిని విడిచి, నెలల తరబడి పాలను పరీక్షింతురు. మేత, కొట్టము, పితుకు చేయి ఒక్కటే యగుటచే భేదము మందువలననే కలిగినదని తేలును. అర శాతము అయోడిన్, అర శాతము క్లోర్‌హెక్సిడిన్ గల ద్రవములు ఇట్టి పరీక్షలలో నెగ్గినవి. ఫినాయిలు మాత్రము వాడరాదు; అది చర్మమును కాల్చును, పాలకు వాసన పట్టించును.

మన బోరునీరు పెక్కుచోట్ల క్షారగుణము గలది. అది అయోడిన్ శక్తిని తగ్గించును. కావున నీరు కలుపనక్కరలేని ద్రవమును కొనుట మేలు. పేడ పడిన మందు నిర్వీర్యమగును. గిన్నెలో మిగిలినదానిని పారబోయవలెను. దూడ కుడిచిన తరువాతనే మందు ముంచవలెను. పిదప పశువు అరగంట పండుకొనకుండ మేత వేయవలెను. మరల పితుకునపుడు చన్నులను కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడువవలెను.

ఈ మందు వ్యాధిని రానీయదే గాని, వచ్చినదానిని మాన్పదు. తడినేలనుండి సోకు క్రిములకు పొడికొట్టమే రక్ష. లీటరు నీటిలో 30 గ్రాముల సబ్బుపొడి కలిపి, ఆ నీటిని ఒక్కొక్క చన్ను పాలతో సమముగా చేర్చి త్రిప్పి చూడుడు. జిగటగా చిక్కబడినచో లోన వ్యాధి దాగియున్నదని గ్రహించి, జాగుచేయక పశువైద్యుని ఆశ్రయింపవలెను. రోజునకు రెండుమారులు వెచ్చించు ఈ కొద్ది శ్రమ ఇంటి పాడిని నిలుపును.